నలభై ఒకటో నట్టు

పదో నంబరు మనిషి లేచాడు. ఇంక పదకొండు, ఆ తరవాత పన్నెండు, పన్నెండంటే తనే, అనుకుంటూ చుక్కమ్మ ఒళ్లో ఉన్న హెల్మెట్టుని పసిపిల్లని పొదువుకున్నట్టు పొట్టకేసి పొదువుకుంది. పొదువుకోగానే అరచేతులు రెండూ దానికి అతుక్కుపోయి, లాగితే చిర్రుమంటూ ఊడొచ్చాయి. రంగు ఇంకా ఆరలేదు మరి. పొద్దున్న వేసిన రంగు అప్పుడే ఎక్కడ ఆరుతుంది, ఈ కంపెనీ పెయింటు షాపులోనే ఇరవై రెండేళ్లు పనిచేసిన మొగుడికి ఆ మాత్రం తెలియదా, తెలుసు, తెలిసే వేశాడు, ఇవాళే కావాలని తెలిసి వేశాడు, అసలు ఇవాళ కావాలని ఆయనకెవరు చెప్పారు? ఆ వాసన ముక్కుకి తగిలినప్పుడల్లా ఒళ్లంతా ఎక్కడికో పైకి లేస్తున్నట్టుంది. భయం కాదు. భయమైతే ఆమెకి బాగా తెలుసు, నెలరోజులుగా దానితోనే లేచి దానితోనే పడుకుంటోంది. ఇది రంగులరాట్నం పైకంటా వెళ్లి ఒక్క క్షణం ఆగినప్పటి సంబరం. బెంచీ మీద పద్నాలుగు మంది, కావలసినవాళ్లు ముగ్గురు. మధ్యాహ్నం గేటు దగ్గర ఉద్యోగం పోయినవాళ్ల రెండో జాబితా అతికిస్తారు, ఇక్కడ నెగ్గిన ముగ్గురి పేర్లూ అందులో ఉండవు, తక్కిన వాళ్లవి ఉంటాయి, ఆమె పేరు కూడా పడితే ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ ఖాళీ. ఇంత సంగతి నెత్తిన ఉంటే మనిషన్నది బిక్కచచ్చి కూర్చోవాలి గదా, పక్కవాళ్లంతా అలాగే కూర్చున్నారు గదా, మరి తన కాళ్లు రెండూ బెంచీ కింద బడిపిల్ల కాళ్లలా ఊగుతున్నాయేం?

"అక్కా, నీ కాళ్లు ఆపు తల్లీ. బెంచీ అంతా ఊగుతోంది, నా గుండె అసలే ఊగుతోంది" అన్నాడు పక్కనున్న పదకొండో నంబరు. లైన్లో హారన్లు బిగిస్తాడు, అందరికీ హారన్ తమ్ముడు.

"ఊగనీరా, ఊరికే వచ్చిన ఊయల" అందామె.

మొదటి జాబితాలో ఆయన పేరు పడి నేటికి ముప్పై నాలుగు రోజులు. మోటారుసైకిళ్లు కొనేవాళ్లు లేరట, ఒక్క ఊళ్లో కాదు, లోకమంతా అంతేనట, బ్యాంకులు గుప్పిట మూసుకున్నాయట, జనం ఉన్న బండినే తుడుచుకుని తిరుగుతున్నారట. రెండు షిఫ్టులు ఒకటైంది, ఆ ఒకటీ సగమైంది, చేసిన బళ్లు బయటికి పోయే దారి లేక వెనక యార్డులో నాలుగు వేలు నిలబడిపోయాయి, అన్నీ ఒకే వైపు మెడ తిప్పుకుని, పెళ్లింట్లో అలిగిన ఆడపడుచుల్లా. యార్డు వైపు చూడకూడదు అనుకుంది, చూడలేదు. ఆయన సంగతి గదా అనుకుంటున్నది. ఉద్యోగం పోయిన మర్నాడు ఆయన ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు, మంచం పట్టలేదు, ఒక డబ్బా తెచ్చి వీధి తలుపుకి రంగు వేశాడు. మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య గరుకు కాగితంతో నునుపు, అచ్చం పెట్రోలు ట్యాంకుకి వేసినట్టే, ముఖం చూసుకోవచ్చు ఆ తలుపులో. తరవాత కిటికీలు. తరవాత చెప్పుల స్టాండు, బకెట్టు పిడి, ఆమె టిఫిను డబ్బా మూత. "ఇంట్లో రంగు పడనిది ఇంక నేనూ గోడ గడియారమూ" అంది ఆమె ఒకరోజు, మర్నాటికి గడియారం కూడా అయిపోయింది. సాయంత్రం కోడలు గుమ్మంలోనే నిలబడి, "మామయ్యా, లోపలికి రావచ్చా, నాక్కూడా వేసేస్తారా?" అనడిగితే, ఆ ముప్పై నాలుగు రోజుల్లో ఆ ఒక్కసారే ఆయన నవ్వాడు. అలాంటి మనిషికి చెప్పలేదు ఆమె, బండి నేర్చుకుంటున్నానని. నవ్వుతాడని కాదు, నవ్వితే నవ్వాడు, పోయిందేముంది. ఆశపడతాడేమోనని. ఆశపడితేనే కష్టం, రేపు ఇది రాకపోతే ఆ ముఖం ఎలా చూడాలి? అందుకని తెల్లారగట్ల కోడలితో పాలకని, కూరగాయలకని బయల్దేరడం, ఉత్త సంచితో తిరిగి రావడం. పాలకి వెళ్లి పాలు లేకుండా ఎన్నిసార్లు వచ్చారో ఇద్దరూ! ఆయన ఒక్కసారీ అడగలేదు. ఇవాళ పొద్దున చెప్పుల స్టాండు మీద కొడుకు పాత హెల్మెట్టు తళతళా మెరుస్తూ కూర్చునుంది, పసుపు రంగులో, అది కంపెనీలో ట్యాంకుకి వేసే పసుపు కాదు, ఆమె లైన్లో నట్ల మీద చుక్కలు పెట్టే పెన్ను పసుపు, సరిగ్గా అదే, ఎన్ని రంగులు కలిపి తెచ్చాడో ఆ ఒక్క రంగు. ఆయన పెరట్లో కుంచె కడుక్కుంటూ ఇటు తిరక్కుండానే, "అంచులు పట్టుకోకు, ఆరలేదు" అన్నాడు. అంతే. ఆ మూడు మాటలే ఇప్పటిదాకా చెవిలో, ఇంజను ఆపేశాక కూడా సీటులో మిగిలే వణుకులా.

పదో నంబరు బండి మీద ఎనిమిది అంకె తిరుగుతూ కాలు కింద పెట్టాడు. బెంచీ అంతా ఒక్కసారి "చ్చొచ్చొ" అంది. జాలిపడ్డట్టే అన్నారు గానీ ఆ చప్పుడు అడుగున ఒక చిన్న సంతోషం ఉంది, అందరి గొంతులోనూ ఉంది, ఆమె గొంతులో కూడా. ఛీ, అనుకుంది. పరీక్ష పెట్టేది పెద్ద రైడరు, మెడలో ఈల, చేతిలో అట్ట, కుడికాలు కాస్త ఈడుస్తాడు. బళ్లు నడిపి చూసే రైడర్లందర్నీ మొదటి జాబితాలోనే పంపేశారు, ఆయనొక్కడే మిగిలాడు. ఇప్పుడేమో యార్డులో ఉన్న నాలుగు వేలనీ ఒక్కొక్కటే నడిపి చూసి ఎక్కడికో తక్కువ ధరకి పంపెయ్యాలట, ఒక్కడివల్ల ఏమవుతుంది, బయటివాళ్లని తీసుకోవడానికి లేదు, అందుకని లైన్లోవాళ్లలో నడపడం వచ్చినవాళ్లు రండి అన్నారు. ట్రాకు చుట్టూ మూడు చుట్లు, మధ్యలో సున్నంతో గీసిన ఎనిమిది, కాలు కింద పెడితే సగం పోయినట్టు, మధ్యలో ఆపేస్తే మొత్తం పోయినట్టు. బండి ఒక్కటే అందరికీ, యార్డులోంచి తోసుకొచ్చి దుమ్ము కడిగిన నల్ల బండి.

నల్ల బండే అది కూడా, ఆ నర్సుది. చుక్కమ్మకి అప్పుడు ఏడేళ్లు. తమ్ముడు కడుపులో అడ్డం తిరిగాడట, అమ్మ అరుపులు గోడలు దాటి వస్తున్నాయి, వాన. ఎవరో పరుగెత్తారు, ఎవరో దీపం తెచ్చారు, అంతలో ఆ వానలోంచి దడదడదడా ఒక చప్పుడు, లైటు, లైటు వెనక ఒక ఆడమనిషి. ఒక్కతే. తెల్లబట్టలు మోకాళ్లదాకా బురద, వీపున సంచి, కాలితో స్టాండు తన్ని బండి నిలబెట్టి, గుమ్మంలో ఉన్న ఏడేళ్లదాన్ని చూసి, "ఏయ్ పిల్లా, దీన్ని చూస్తూండు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అని లోపలికి పోయింది. ఎంత బాధ్యత! చూస్తూనే ఉంది, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, సొంత బాబాయిని కూడా రానివ్వలేదు. వానచుక్కలు సైలెన్సరు మీద పడి సుయ్ సుయ్ మని ఎగిరిపోతున్నాయి, ఎందుకెగిరిపోతున్నాయో చూద్దామని దగ్గరికి జరిగింది, జరిగితే పిక్క తగిలింది, అంతే. చొక్కా గుండీ అంత మచ్చ, ఇప్పటికీ ఉంది కుడికాలి మీద. లోపల తమ్ముడి ఏడుపు, బయట తన ఏడుపు, రెండూ ఒకేసారి మొదలయ్యాయని అమ్మ చచ్చిపోయేదాకా చెప్పి నవ్వేది. నర్సు బయటికొచ్చి మందు రాస్తూ, "ఎవర్నీ ముట్టుకోనివ్వద్దంటే నువ్వే ముట్టుకున్నావుటే?" అంది, తరవాత గొంతు తగ్గించి రహస్యం అడిగినట్టు, "ఎలా ఉంది?" అంది. "కాలింది." "కాలుతుంది మరి, మెలకువగా ఉంది గదా" అని నవ్వి, కిక్కు తన్ని, దడదడదడా వెళ్లిపోయింది. మెలకువగా ఉంది! ఆ మాట నలభై రెండేళ్లుగా పిక్క మీద మచ్చలా ఉండిపోయింది. ఎన్ని లక్షల బళ్ల వెనక చక్రాలకి నట్లు బిగించిందో, అన్నీ నిద్రపోతూనే వచ్చేవి తన దగ్గరికి, పెట్రోలు లేకుండా, చప్పుడు లేకుండా. బిగించి పంపేది. ఎక్కడో పది బారల అవతల ఎవరో వాటిని లేపేవారు, ఆ దడదడ వినపడేది, ఆ చప్పుడు చేసినవాడు మాత్రం ఎప్పుడూ ఇంకొకడే.

"అక్కా, వెళ్లొస్తా" అన్నాడు హారన్ తమ్ముడు లేచి. ముఖం పాలిపోయి ఉంది.

"ఒరే, క్లచ్చి ఒక్కసారిగా వదలకు. నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి చెయ్యి తీసినట్టు తియ్యి."

"ఎవరు చెప్పారక్కా?"

"మా కోడలు."

కోడలు పార్సిళ్లు ఇచ్చే బండి నడుపుతుంది, రోజుకి ఎనభై గుమ్మాలు. కొడుకు దూరాల లారీ మీద పోతే పది రోజులకి గానీ రాడు, అందుకని అత్తా కోడళ్లే ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకునేది, చూసుకుని చూసుకుని ముఖం మొత్తినప్పుడు చిన్న చిన్న గొడవలు కూడా పడేవారు, గిన్నె ఎక్కడ పెట్టావంటే ఎక్కడ పెట్టావని. మూతబడిన సినిమా హాలు ముందు ఖాళీ జాగాలో మొదటి రోజు బండి ఎక్కించినప్పుడు మూడుసార్లు ఆగిపోయింది, నాలుగోసారి ఎగిరి దూకింది. "అత్తయ్యా, క్లచ్చి మీద ఆ కక్షేంటండీ, తొడపాశం పెట్టి వదిలినట్టు వదులుతారు!" అని అరిచింది కోడలు, అంత గొంతు ఆ పిల్లకి ఉందని అప్పటిదాకా తెలియదు. "ఇన్నాళ్లదీ కలిపి తీర్చుకుంటున్నావే" అంది తను. "ఇది నాలుగో వంతే, దిగండి, మళ్లీ ఎక్కండి." ఎక్కింది. నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి అని చెప్పాక, ఆ మాట చేతికి అర్థమైంది, చెవికి కాదు, చేతికి. పిల్లల్ని పెంచిన చెయ్యి గదా. అలా కదిలింది బండి మెత్తగా, ఆవులించినట్టు కదిలింది, సినిమా హాలు గోడ పక్కనుంచి వెనక్కి పోతోంటే తను పోతోందా గోడ పోతోందా అనిపించి, నోరు తెరిచి కేకేసింది, ఏమని కేకేసిందో తెలియదు, కోడలు వెనకాల పరుగెడుతూ చప్పట్లు కొడుతోంది, "చూపు ముందుకి అత్తయ్యా, చక్రం వంక కాదు, ముందుకి!" అంటూ. ముప్పై ఏళ్లు చక్రం వంకే చూసిన మనిషితో అనాల్సిన మాటేనా అది!

చక్రం వంకే మరి. లైన్లో ఆమె పని అదొక్కటే. బండి వచ్చి ముందు ఆగుతుంది, ఆగదు అసలు, నడుస్తూనే ఉంటుంది పట్టీ మీద, వెనక ఇరుసు నట్టు మీద రెంచి పెట్టి లాగాలి, సరిగ్గా ఎంత బిగువుండాలో అంత కాగానే రెంచి తనంతట తనే "టక్" అంటుంది. ఆ టక్ అన్నాక పసుపు పెన్నుతో నట్టు మీద ఒక చుక్క. బిగించాను, నాదీ పూచీ అని చెప్పే చుక్క. ఆమెది ఎడమచెయ్యి వాటం, పెన్ను ఎత్తేటప్పుడు చుక్కకి చిన్న తోక వస్తుంది, తోకచుక్క, ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. అలా వచ్చిందే చుక్కమ్మ అనే పేరు, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు. బండికి యాభై సెకన్లు. టక్, చుక్క, టక్, చుక్క. లోపలెక్కడో ఆ టక్కులని లెక్కపెట్టుకుంటూ ఉండేది, కావాలని కాదు, ఊపిరి పీల్చినట్టు, సాయంత్రానికి ఇవాళ ఇన్ని అని తెలిసిపోయేది, సూపర్‌వైజరు పుస్తకం తెరవకముందే చెప్పేసేది. టక్ అనకముందు చుక్క పెట్టకూడదు. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా తొందరలో చుక్క ముందు పెడితే ఆ రెంచి పిడితోనే వేళ్ల మీద ఒక్కటిచ్చేది, "ముందు పని, తరవాత సాక్ష్యం" అని.

తరవాత లైను నెమ్మదించింది. యాభై సెకన్లు కాస్తా ఆరు నిమిషాలైంది. పని తగ్గితే సుఖమే గదా అనుకుంటారు, కాదు. చేతులకి తీరికంటే ఏమిటో తెలియదు, నలభై సెకన్లలో పని ముగించి తక్కినంతసేపూ గాల్లో వేలాడుతూ ఉంటాయి, వేలాడే చేతుల్ని పక్కవాళ్లు చూస్తారు. అందుకని ఆ చేతులకి ఏదో ఒకటి, రాబోయే బండి ఇంకా రెండు అడుగుల దూరంలో ఉండగానే వంగి దానికి ముందే ఒక చుక్క పెట్టెయ్యడం, అది దగ్గరికొచ్చాక బిగించడం. ఎవరికీ తెలియదు. తనకే తెలుసు. అలా చేస్తున్నానని కూడా సరిగ్గా తెలియదు, చేతులు చేశాయంతే. ఆ రోజు, మొదటి జాబితా రోజు, పదకొండు గంటలప్పుడు ఎవరో లైను పక్కనుంచి పోతూ, "చుక్కమ్మా, మీ ఆయన పేరుంది" అనేసి పోయారు. నిలబడే ఉంది, వంగలేదు, ఎంతసేపో తెలియదు. ఆ రోజు మొత్తం నలభై ఒక్క బళ్లు. సాయంత్రం ఇంట్లో గిన్నెలు కడుగుతోంటే లోపల లెక్క తనంతట తనే వచ్చి నిలబడింది. చుక్కలు నలభై ఒకటి. టక్కులు నలభై. మళ్లీ లెక్క పెట్టింది, నలభై. పోనీలే, ఆ మాట చెవిలో పడ్డ హోరులో ఒక టక్ వినపడలేదేమో అని సర్దుకుంది. రేపు చెబుదాం అనుకుంది. మర్నాటికి ఆ బళ్లు యార్డుకి పోయాయి, నడిపి చూసే రైడర్లే లేరు గదా, ఎవరూ చూడలేదు, సూపర్‌వైజరు రెండో జాబితా రాస్తున్నాడని పుకారు, తప్పు చేశానని ఈ పూటే వెళ్లి చెప్పుకుంటే తన పేరే మొదట రాయడూ? రేపు. రేపు. ముప్పై నాలుగు రేపులు. యార్డు వైపు చూడకపోవడం అందుకే. చూస్తే నాలుగు వేల బళ్లలో ఏదో ఒకటి తల తిప్పి తన వంకే చూస్తుందేమోనని.

హారన్ తమ్ముడు ఎనిమిదిలో ఎడమకి వంగి వంగి కాలు కింద పెట్టేశాడు. చెమటలు కారుస్తూ వచ్చి హెల్మెట్టు తీసి, "ఎడమకి పోతానంటుందక్కా అది, మొండి గాడిద" అన్నాడు. "కాదులే, నా చెయ్యే వణికింది. అయిపోయింది నా పని." బెంచీ చివర కూలబడి రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. అతనికి ఏదైనా చెప్పాలి. ఏం చెప్పాలో తోచేలోగా ఈల మోగింది, "పన్నెండు!"

లేచింది. హెల్మెట్టు పెట్టుకుంది. వెంట్రుకలు రంగుకి అంటుకున్నాయి, ఆ వాసన ఇప్పుడు నాలుగు వైపులా, పెయింటు షాపులో ఆయన పక్కన నిలబడ్డట్టే ఉంది. ఎక్కే ముందు అలవాటు చొప్పున వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది, అలా కూర్చున్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. పెద్ద రైడరు కనుబొమలెత్తాడు. అక్కడుంది, ఇరుసు నట్టు మీద, పసుపు చుక్క, చిన్న తోకతో. తన చుక్క! నవ్వొచ్చింది, గుండె ఎగిరింది, నా బండేనే ఇది, నా చేతి బండి, ఇన్ని వేలలో నాకోసమే వెతికి తెచ్చినట్టు నాదే వచ్చిందే, ఇంక నన్నెవడు పడేస్తాడు అనుకుంటూ కాలెత్తి అటు వేసి కూర్చుంది. మీట నొక్కింది. మెలకువ వచ్చింది దానికి. తొడల కింద, వెన్నులో, పళ్లలో ఆ దడదడ. నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి, మెల్లగా, మెల్లగా, ఊఁ. కదిలింది!

పోతోంది, పోతోంది, బెంచీ పోతోంది, పదమూడు ముఖాలూ ఒకే ముఖంలా పోయాయి, రేకుల షెడ్డు పోతోంది, గాలి హెల్మెట్టు కిందనుంచి దూరి చెవుల్లో ఏదో పాడుతోంది, రెండో గేరు, చూపు ముందుకి అత్తయ్యా, ముందుకే, ముందుకే చూస్తున్నానే తల్లీ, మలుపు వస్తోంది, వంగాలి, వంగితే పడిపోతానేమో అనిపించేంత వంగాలి, వంగింది, పడలేదు! నలభై తొమ్మిదేళ్లకి ఒళ్లు గాల్లో వాలి పడకుండా ఉండటమంటే ఏమిటో తెలిసింది, ఎంత ఆలస్యంగా తెలిసింది, అయినా తెలిసింది గదా, మొదటి చుట్టు అయిపోయింది, అప్పుడే? ఇంకా కావాలి. ఎనిమిదిలోకి దిగింది, సున్నం గీత చక్రం కింద పాములా జరుగుతోంది, ఎడమకి, ఇప్పుడు కుడికి, కాలు పెట్టలేదు, బెంచీ మీద ఎవరో ఈలేశారు, హారన్ తమ్ముడే అయుంటాడు, ఓడిపోయి కూడా ఈలేస్తున్నాడు పిచ్చి వెధవ. రెండో చుట్టు. నర్సమ్మా, ఎలా ఉందని అడిగావే, ఇదిగో ఇలా ఉంది, ఇలా ఉందమ్మా, కాలడం లేదు, ఎగురుతోంది! మలుపు దాటి యాక్సిలరేటరు గట్టిగా తిప్పింది. తిప్పగానే వెనకనుంచి, సీటు అడుగునుంచి, ఒక చిన్న దెబ్బ. కట్. ఇంకోసారి తగ్గించి మళ్లీ తిప్పింది. కట్. చెవికి వినపడేది కాదు, నడుముకి తెలిసేది, తలుపు గడియ సరిగ్గా పడనప్పుడు గాలికి కదిలినట్టు, వెనక చక్రం ఉన్నచోట ఉండకుండా వెంట్రుకవాసి ఇటూ అటూ జరుగుతోంది. ఎడమకి పోతానంటుందక్కా అది.

అది ఈ బండే. నలభై ఒకటోది ఇదే.

ఇంక ఒక్క చుట్టు. నెమ్మదిగా నడిపితే ఏమీ కాదు, పదకొండు మంది నడిపారు, ఏమీ కాలేదు, ఒక్క చుట్టు ముగిస్తే మూడు జాగాల్లో ఒకటి తనదే, ఎనిమిది ముగించినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరే. ఆ తరవాత తనే రైడరు, తనే వచ్చి రేపు గుట్టుచప్పుడు కాకుండా రెంచి పెట్టి లాగెయ్యొచ్చు, టక్, ఎవరికి తెలుస్తుంది? రేపు. మళ్లీ రేపు! వెనకాల ఇంకో ఇద్దరున్నారు బెంచీ మీద, పదమూడూ పద్నాలుగూ, ఈ పూటే ఎక్కుతారు దీన్ని, పదకొండు మంది గుంజిన నట్టు పన్నెండో మనిషికి కట్ కట్ మంటోంది, పద్నాలుగో మనిషికి ఏమంటుంది? హారన్ తమ్ముడి ముఖం, నా చెయ్యే వణికిందని తనని తాను తిట్టుకున్న ముఖం, మోకాళ్ల మధ్య పెట్టుకున్న రెండు చేతులు. ఆయన కుంచె కడుక్కుంటున్న వీపు. ఆశపడే వేశాడు ఈ రంగు, అయ్యో, ఆశపడ్డాడు ఆయన. గాలిలో ఆ పసుపు వాసన. ముందు పని, తరవాత సాక్ష్యం. ఎందరి వేళ్ల మీద కొట్టావే ఆ మాట చెబుతూ!

క్లచ్చి పట్టింది. బ్రేకు నొక్కింది. ట్రాకు మధ్యలో, మూడో చుట్టు మొదట్లో, రెండు కాళ్లూ కింద పెట్టి ఇంజను ఆపేసింది.

బెంచీ అంతా ఒక్కసారి "అయ్యో!" అంది. ఈసారి ఆ చప్పుడు అడుగున సంతోషం లేదు, అది ఆమెకి వినపడింది. పెద్ద రైడరు కాలీడ్చుకుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మా చుక్కమ్మా? అంత బాగా నడుపుతూ ఆపేశావేం? ఆపితే మొత్తం పోయినట్టే, చెప్పాను గదా."

"వెనక చక్రం కదులుతోంది రైడరుగారూ. ఇరుసు నట్టు బిగించలేదు."

"నీకంటే ముందు పదకొండు మంది నడిపారు. ఎవడూ అనలేదే?"

"వాళ్లు నడిపారంతే. బిగించాల్సింది నేను."

ఆయన వంగి చూశాడు. "చుక్క ఉంది గదా?"

"చుక్క ఉంది. బిగింపు లేదు. ఆ చుక్క ముందే పెట్టేశాను, మొదటి జాబితా రోజున. ఆ రోజు ఒక టక్ తక్కువైంది నాకు, ఆ సాయంత్రమే తెలిసింది. చెప్పలేదు. భయపడ్డాను." చెప్పేసింది, గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది, చెప్పేశాక ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. రంగులరాట్నం కిందికి దిగుతోందనుకుంది, అదీ దిగలేదు.

పెద్ద రైడరు చక్రం రెండు చేతులా పట్టుకుని ఊపాడు. కట్. ఇంకోసారి ఊపి, ముఖం ఎర్రబడి, లేచి షెడ్డు వైపు తిరిగి రెంచి తెమ్మని కేకేశాడు. రెంచి వచ్చింది, ఆమె చేతికే ఇచ్చాడు. కూర్చుని లాగింది. ఎంత లోపలికి వెళ్లిందో ఆ నట్టు, పావు చుట్టు, అర చుట్టు, అప్పుడు,

టక్.

"పెన్ను ఉందా?" అన్నాడు. జేబులోంచి తీసి పాత చుక్క పక్కన కొత్త చుక్క పెట్టింది, దీనికీ తోక వచ్చింది.

ఆయన ఈల ఊదాడు. "అందరూ వినండయ్యా! ఈ బండి మీద జరిగిన పరీక్ష చెల్లదు. కాలు పెట్టినవాడూ పెట్టనివాడూ అందరూ మళ్లీ నడపాలి, వేరే బండి తెప్పిస్తాను." హారన్ తమ్ముడు బెంచీ మీంచి లేచి గాల్లోకి ఎగిరాడు, "చెప్పానా! గాడిదే అది! నా చెయ్యి కాదు!" అని అరుస్తున్నాడు. అరవనీ. మళ్లీ పదమూడు మంది, మూడు జాగాలు. తను మాత్రం ట్రాకు మధ్యలో నిలబడి ఉంది, రెంచి చేతిలో ఉంది, అరచేతులు రెండూ పసుపు.

"నాక్కూడా మళ్లీనా రైడరుగారూ?"

"నీకు లేదు. నీది అయిపోయింది."

అయిపోయింది. సరే. రెండు చుట్లు తిరిగింది గదా, ఆ రెండూ ఎవరూ వెనక్కి తీసుకోలేరు, అనుకుంటూ హెల్మెట్టు తీయబోతే వెంట్రుకలు పట్టుకుని రాలేదు అది.

"ఉంచుకో, ఎందుకు తీస్తావు? ఆపితే మొత్తం పోయినట్టేనని కాగితం మీద రాసుంది, ఆ కాగితం రాసిన ఆయన జన్మలో బండెక్కలేదు" అన్నాడు పెద్ద రైడరు అట్ట మీద ఏదో గీస్తూ. "ఆ రోజు ఎన్ని చేశావన్నావు?"

"నలభై ఒకటి."

"తక్కిన నలభై ఎక్కడున్నాయి?"

యార్డు వైపు చూసింది. ముప్పై నాలుగు రోజుల తరవాత మొదటిసారి తల తిప్పి చూసింది. దుమ్ము కప్పుకుని, మెడలు ఒకే వైపు తిప్పుకుని, ఎండలో నాలుగు వేలు, ఎక్కడివక్కడే. "అక్కడే ఉన్నాయండీ, నాలుగో వరసలో పెట్టారని ఆ మర్నాడే విన్నాను. ఒక్కటీ అమ్ముడుపోలేదు!" అంది. అనేసి నాలిక కరుచుకుంది. బళ్లు అమ్ముడుపోక ఇంతమంది ఇళ్లకి పోతోంటే, అమ్ముడుపోలేదని ఇంత సంబరంగా చెప్పిన మనిషి ఈ కంపెనీ పుట్టాక తనే అయుంటుంది. నవ్వు ఆగలేదు. ఆ పాడు కాలమే తన తప్పుని గోడ దాటనివ్వకుండా పట్టుకుని కూర్చుంది, ఎవరి బిడ్డా ఎక్కకుండా, ఏ మలుపూ తిరక్కుండా.

పెద్ద రైడరుకీ నవ్వొచ్చింది గానీ మీసం కింద దాచేశాడు. "అయితే వెళ్లు. ఆ నలభై ఒక్కొక్కటే తెచ్చి నడిపి చూడు, బాగున్నవాటికి సంతకం పెట్టు, బాగులేనివి బిగించి పెట్టు. నీ తప్పు సంగతి కూడా రాస్తాను, దాచను, సూపర్‌వైజరు నాలుగు తిట్లు తిడతాడు, తిను. సంతకం ఇదిగో, ఈ గడిలో." అట్ట తిప్పి చూపించాడు. పైన మూడు అంకెలు వేసి ఉన్నాయి, మొదటి అంకె పక్కన ఆమె టోకెను నంబరు, ఆ పక్క గడిలో 'రైడరు' అని రాసి ఉంది. ఆమె చదివిన చదువు తక్కువే, అయినా ఆ మూడక్షరాలకి అంత చదువక్కర్లేదు. సంతకం పెడితే కాగితం మీద పసుపు వేలిముద్ర పడింది.

"జాగాలు రెండేనర్రోయ్!" అని బెంచీ వైపు అరిచాడు ఆయన.

నాలుగో వరసలో మొదటి బండి మీద దుమ్ము చేత్తో తుడిచింది. తోకచుక్క. ఎక్కింది. లేపింది. చుక్కలు నలభై ఒకటి, టక్కులు నలభై, ఇందాకటిదానితో అవీ నలభై ఒకటి, లెక్క సరిపోయింది. అంటే ఈ నలభైలోనూ వంకలేదు, దాదాపు తెలుసు ఆమెకి. కానీ చెవులదేముంది, మనసులో వేసుకున్న లెక్కదేముంది, తప్పొచ్చు గదా, ఒక్కొక్కటే నడిపి చూడాల్సిందే గదా, మూడేసి చుట్లు, నలభై మూళ్లు నూట ఇరవై చుట్లు. ఆ దాదాపు సంగతి మాత్రం పెద్ద రైడరుకి చెప్పలేదు. ట్రాకు తిన్నగా ఖాళీగా ముందుకి పరుచుకుని ఉంది. రెండో గేరు. మూడో గేరు. సాయంత్రం ఆయనకి చెప్పాలి, ఆరిందయ్యా, గాలికి ఆరిపోయింది అని. సినిమా హాలు జాగాలో చోటు చాలక కోడలు ఎన్నడూ వెయ్యనివ్వని నాలుగో గేరు వేసింది.